ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ డేటాకు సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు జాగ్రత్తలు

- ముందు మీ చేతిలో ఉన్న ఫైల్ ఏమిటో చూసుకోండి. ఫాస్ట్‌క్యూ ఫైళ్లా (సీక్వెన్సింగ్ యంత్రం చదివిన ముక్కలు, అంటే రీడ్లు, ఉండే ముడి ఫైళ్లు), జీన్ల కౌంట్ టేబులా (ఏ శాంపిల్‌లో ఏ జీన్‌కు ఎన్ని రీడ్లు వచ్చాయో చెప్పే పట్టిక)? టేబుల్ ఉంటే సగం పని అయినట్టే, ఐడెప్ లాంటి బ్రౌజర్ టూల్ సరిపోతుంది. ఫాస్ట్‌క్యూ నుంచి మొదలుపెట్టాలంటే, కోడింగ్ రానివాళ్లకు నేను బ్రౌజర్‌లోనే నడిచే గెలాక్సీనే చెబుతాను. ఉచితం, శిక్షణ పాఠాలున్నాయి, చేసిన ప్రతి పనీ హిస్టరీలో నిలిచి ఉంటుంది.

- రోగుల శాంపిల్స్ అయితే పబ్లిక్ సర్వర్‌లోకి ఎక్కించడానికి అనుమతి ఉందో లేదో తప్పకుండా కనుక్కోండి.

- సొంత కంప్యూటర్‌లో చేస్తారా? మానవ జీనోమ్‌కు స్టార్ అలైనర్ (ఏ రీడ్ జీనోమ్‌లో ఎక్కడిదో వెతికే ప్రోగ్రామ్) సుమారు 30 జీబీ ర్యామ్ అడుగుతుంది. మామూలు ల్యాప్‌టాప్ అయితే తక్కువ ర్యామ్‌తో నడిచే హైశాట్2 లేదా సాల్మన్ చూడండి.

- కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే: గ్రూపుల మధ్య ఏ జీన్ల స్థాయి మారిందో తేల్చే డీసెక్2, ఎడ్జ్‌ఆర్‌లకు ముడి కౌంట్లే ఇవ్వాలి. శాంపిళ్ల మధ్య రీడ్ల సంఖ్యలో తేడాలను అవే సర్దుకుంటాయి. జీన్ పొడవుకూ, రీడ్ల సంఖ్యకూ తగ్గట్టు ముందే సర్దిన టీపీఎం, ఎఫ్‌పీకేఎం విలువలిస్తే వాటి గణాంక లెక్కే దెబ్బతింటుంది. ఆ విలువలను పూర్ణాంకాలుగా మార్చి ఇస్తే ఎర్రర్ కూడా రాదు, గ్రాఫ్‌లు చక్కగానే వస్తాయి. అసలు ప్రమాదం అదే.

- ఒక్కో గ్రూపుకు కనీసం 3 బయలాజికల్ రెప్లికేట్లు (వేర్వేరు వ్యక్తులు లేదా జీవుల నుంచి విడిగా తీసిన శాంపిళ్లు) లేకపోతే ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోలేదు.

- జీనోమ్ ఫైల్, అనోటేషన్ ఫైల్ (జీనోమ్‌లో ఏ జీన్ ఎక్కడుందో చెప్పేది) వెర్షన్లు ఒకదానికొకటి కలవాలి.

- కౌంట్ టేబుల్‌ను ఎక్సెల్‌లో నేరుగా తెరవకండి. సెప్ట్1, మార్చ్1 లాంటి జీన్ పేర్లను అది తేదీలుగా మార్చేస్తుంది. చివరికి 2020లో ఆ మానవ జీన్ల పేర్లనే మార్చాల్సి వచ్చింది. పాత టేబుళ్లలో అవి ఇంకా కనిపిస్తాయి. పేర్లకు బదులు ఎన్‌సెంబుల్ ఐడీలు (ఎన్‌సెంబుల్ డేటాబేస్ ప్రతి జీన్‌కూ ఇచ్చే కోడ్‌లు) వాడితే ఆ టెన్షన్ ఉండదు.