మంచు కొండకు మోకు కట్టే పద్ధతి, దాని మీద పైకి పోయే పద్ధతి

మాది తాడిపత్రి. మా తాత కిత్తనార దంచి మోకులు పేనేవాడు. మా నాయన బండల గనిలో రాళ్లు పైకెత్తే డెరిక్ నడిపేవాడు. ఆ డెరిక్ ఇనుప రోపుకు గ్రీజు పూస్తా పెరిగిన నేను, తర్వాత ఇరవై రెండేళ్లు హిమాలయాల వైపు రోప్‌వే సైట్లలో, అంటే ఇనుప రోపుకు వేలాడే డబ్బాల్లో జనాన్ని కొండెక్కించే లైన్ల దగ్గర, లైన్ ఫిట్టరుగా పనిచేసినా. ఎండాకాలం సెలవులు వచ్చినాయంటే కాశ్మీరుకో, ఉత్తరాఖండ్‌లోని ఔలీకో పోయే మా ఊరోళ్లు "అన్నా, ఆ డబ్బాలో కూర్చోవచ్చునా?" అని అడుగుతారు. కూర్చోవచ్చు. దాన్ని ఎట్ల కడతారో తెలిసి కూర్చుంటే గుండె నిమ్మళంగా ఉంటుంది. అందుకే కట్టేది ముందు చెప్తా, ఎక్కేది తర్వాత.

రోప్‌వేల్లో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి బావి గిలక మీద రెండు బొక్కెనలు వేసినట్టు ఉంటుంది: ఒకటి దిగుతుంటే ఇంకోటి ఎక్కుతుంది. కదలకుండా బిగించిన లావు రోపు మీద పెద్ద క్యాబిన్ చక్రాలతో దొర్లుతుంది, లాగే రోపు వేరేగా ఉంటుంది. దిగేదాని బరువు ఎక్కేదానికి సాయపడుతుంది కాబట్టి మోటారుకు భారం తక్కువ. జోషీమఠ్ నుంచి ఔలీకి కట్టిన 4 కిలోమీటర్ల లైను ఈ రకమే, దానికి 10 టవర్లు. రెండో రకంలో ఒకే రోపు గుండ్రంగా ఆగకుండా తిరుగుతుంటుంది, చిన్న చిన్న క్యాబిన్లు దాన్ని కరుచుకుని పోతాయి. స్టేషన్లోకి రాగానే పట్టు వదిలి మెల్లగా నడుస్తాయి, మనం ఎక్కినాక మళ్లీ పట్టుకుంటాయి. కాశ్మీరు గుల్మార్గ్‌లో చూసేది ఇదే. జనం ఎక్కువగా ఉండే చోటికి రెండోది మేలు. టవరు నిలబెట్టడానికి చోటే లేని లోయ దాటాలంటే మొదటిదే గతి. ఫ్రాన్స్‌లో 1955లో తెరిచిన ఎగ్వీ దు మిదీ లైను రెండో అంచె 2,317 మీటర్ల నుంచి 3,777 మీటర్ల దాకా మధ్యలో ఒక్క టవరు కూడా లేకుండా ఎక్కుతుంది.

రకం కుదిరినాక నేల చూడాలి. మంచు ఏ వాగు వెంబడి జారి పడుతుందో, గాలి ఏ నెలలో ఎటు నుంచి కొడుతుందో అక్కడి గొర్రెల కాపరులను అడిగితే సగం తెలుస్తుంది. మిగిలిన సగం గాలి మీటరు పెట్టి ఏడాది పొడుగునా రాసుకోవాలి. టవర్లు గట్టు వీపు మీద పెట్టాలి, మంచు జారే కాలువలో పెట్టకూడదు. నేలను తక్కువగా అంచనా వేయొద్దు. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేలే కుంగి ఇళ్లు పగుళ్లిచ్చినప్పుడు అక్కడి రోప్‌వేను ఆపేయాల్సి వచ్చింది.

పునాదికి మన దగ్గర సిమెంటు తొందరగా ఆరిపోతుందని గోనెపట్టాలు తడిపి కప్పుతాం. అక్కడ గడ్డకట్టుకుపోతుందని వేడినీళ్లతో కలిపి, కంబళ్లు కప్పి కాపాడుకోవాలి. నేల గడ్డకట్టే లోతు కంటే కిందికి తవ్వాలి, లేదంటే చలికాలంలో నీళ్లు మంచై ఉబ్బి పునాదిని పైకి ఎత్తేస్తాయి. రాయి దొరికిన చోట డ్రిల్లు వేసి, ఇనుప కడ్డీలు దించి, గ్రౌటు (పల్చటి సిమెంటు) పోయాలి. గనిలో పనిచేసిన మనవాళ్లకు ఈ పని చేతికి అలవాటే. రాయిని సుత్తితో కొడితే గంట మోగినట్టు రావాలి. డొల్ల శబ్దం వస్తే ఆ చోటు వదిలేయండి. సామాను కంచరగాడిదల మీదనో, తాత్కాలికంగా కట్టిన చిన్న రోపు మీదనో, డబ్బుంటే హెలికాప్టరులోనో చేరుతుంది.

ఇక రోపు. అంత బరువైన రోపును ఒకేసారి లోయ దాటించలేం. మొదట డ్రోనుతోనో హెలికాప్టరుతోనో సన్నని నైలాన్ తాడు వేస్తారు. దానికి సన్న ఇనుప రోపు కట్టి లాగుతారు, దానికి ఇంకొంచెం లావుది, చివరికి అసలుది.

గుండ్రంగా తిరిగే రోపు రెండు కొసలను కలిపే అతుకు గురించి మాత్రం నిదానంగా చెప్పాలి. నా బతుకులో నేను నేర్చుకున్న మంచి పని ఇదే. ఆ రోపుకు ఆరు పేటలు, మధ్యలో ఒక గుజ్జు, అంటే పేటలు ఆనుకునే నడిమి తాడు. ముడి వేయరు, వెల్డింగ్ చేయరు. రెండు కొసలనూ పేటలుగా విప్పి, రెండు చేతుల వేళ్లు కలిపినట్టు ఎదురెదురుగా ఇమిడిస్తారు. తర్వాత ఇటువైపు ఒక పేటను విప్పుకుంటా పోతే, ఖాళీ అయిన ఆ గాడిలోనే అటువైపు పేటను పేనుకుంటా రావాలి. ఆరు పేటలకూ ఇట్లే, ఒక్కొక్కటి ఒక్కో దూరంలో కలిసేట్టు. కలిసిన చోట మిగిలిన తోకలు రెండింటినీ లోపలికి, గుజ్జు తీసేసిన చోటికి దూరుస్తారు. మొత్తం పన్నెండు తోకలు. యూరప్ ప్రమాణం ప్రకారం అతుకు పొడవు రోపు మందానికి కనీసం 1,200 రెట్లు ఉండాలి. అంటే 40 మిల్లీమీటర్ల రోపుకు 48 మీటర్ల అతుకు. తోకను లోపల పట్టి ఉంచేది చుట్టూ ఉన్న పేటల ఒత్తిడే. రోపు ఎంత బిగిస్తే అది అంత గట్టిగా పట్టుకుంటుంది. మా తాత కిత్తనార మోకు తెగితే అతికే పద్ధతీ ఇదే. ఇనుములో ఇది మొదటిసారి చూసిన రోజు నాకు కళ్ల నీళ్లు తిరిగినాయి.

లైను నడవడం మొదలైనాక రోపును మెల్లగా కదిలిస్తా చేతిలో నూలుగుడ్డ ఆనిస్తాం. తెగిన తీగ ఉంటే గుడ్డ పీకుతుంది. ఒక సైటులో ఈ పరీక్ష వారం వారం వద్దని నా పైవాడు అన్నాడు, టైము దండగ అని. నేను ఒప్పుకోలేదు, గొడవైంది. ఇప్పటికీ అదే మాట అంటా: లోపలి తీగలకు అయస్కాంతం మిషను పరీక్ష ఉండాల్సిందే, పైతీగలకు గుడ్డ ఉండాల్సిందే.

మోటారు, దాని పక్కన కరెంటు పోతే నడిపే డీజిల్ ఇంజను, రెండు బ్రేకులు ఎక్కడైనా ఉంటాయి. ఎత్తులో గాలి పల్చన కాబట్టి డీజిల్ ఇంజను బలం తగ్గుతుంది, ఆ లెక్క వేసి పెద్దది పెట్టాలి. మనుషుల్ని ఎక్కించే ముందు నీళ్ల క్యాన్లు నింపి తిప్పి, నిండు బరువు మీద బ్రేకు వేసి చూస్తారు. క్యాబిన్ నుంచి తాడుతో మనిషిని కిందికి దించే అభ్యాసం కూడా చేయాలి.

ఇప్పుడు ఎక్కేది. ఎత్తంటే భయమున్నోళ్లు ముందు శ్రీశైలంలో పాతాళగంగకు దిగే రోప్‌వే ఎక్కి చూడండి. గుల్మార్గ్ రెండో అంచె దాదాపు 3,950 మీటర్లకు పోతుంది. మన అనంతపురం 335 మీటర్లు. 4,000 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రం ఒడ్డున ఉండేదాంట్లో అరవై శాతం చిల్లర. అక్కడ నీళ్లు 87 డిగ్రీలకే కాగుతాయి, కుక్కరు లేకుంటే అన్నం పలుకుగానే ఉంటుంది. మీ ఒంటికీ ఆ తేడా తెలుస్తుంది. నేను మొదటిసారి పోయినప్పుడు రైలు, బస్సు, జీపు దిగి నేరుగా పై స్టేషనుకు పోయి మెట్లు పరిగెత్తినా. సాయంత్రానికి తలనొప్పి, వాంతులు. అందుకే కింద ఊళ్లో ఒక రాత్రి పడుకుని పొద్దున పోండి. మబ్బు, గాలి ఎక్కువగా మధ్యాహ్నం మీదే వస్తాయి. నీళ్లు తాగుతా ఉండండి, సారాయి, బ్రాందీ లాంటివి ముట్టొద్దు. గుండె జబ్బు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా పైఅంచెకు పోవద్దు.

చెవులు దిబ్బడేస్తే గుటకలు మింగండి, చంటిబిడ్డకు పాలివ్వండి. క్యాబిన్లో బరువు రెండు వైపులా సమంగా కూర్చోండి, ఊపొద్దు. టవరు దగ్గర గడగడమంటే అది కప్పీల మీద నుంచి పోవడమే. మధ్యలో ఆగితే గాలి పెరిగిందని ఆపి ఉంటారు, లేదా స్టేషన్లో ఎవరో ముసలాయన ఎక్కడానికి తడబడి ఉంటాడు. తలుపు ముట్టుకోకండి. ఫోను లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ కూలబడుతుంది.

పైన దిగినాక తలనొప్పి ఎక్కువైనా, అడుగులు తడబడినా ఫోటోలు వదిలేసి వెంటనే కిందికి రండి. బాగుంటే ఉండండి, కానీ దిగగానే చివరి క్యాబిన్ ఎన్ని గంటలకని అడిగి, దానికి గంట ముందే వచ్చి వరుసలో నిలబడండి.