ఎవరూ తాకకుండానే పగిలే టఫెన్డ్ గ్లాస్: ఎండలు ముదరకముందే చూసుకోవాల్సినవి

బాల్కనీకి వేసిన టఫెన్డ్ గ్లాస్, అంటే వేడిచేసి గట్టిపరిచిన అద్దం, ఎవరూ ముట్టుకోకుండానే ఫట్‌మని పగిలి కింద రాలిపోయే వీడియోలు ఈమధ్య తెగ తిరుగుతున్నాయి. చూసినవాళ్లంతా నాసిరకం గ్లాస్ అని తేల్చేస్తున్నారు. అంచు దెబ్బతినడం, ఫిట్టింగ్ లోపం కారణాలు కావచ్చు. కానీ మేలురకం గ్లాస్‌లోనూ దాక్కునే దొంగ ఒకడున్నాడు: నికెల్ సల్ఫైడ్ నలుసు.

గాజు కరిగే కొలిమిలో స్టెయిన్‌లెస్ స్టీల్ లాంటి నికెల్ ఉన్న లోహపు తునక పడి, గంధకంతో కలిస్తే ఇది పుడుతుంది. సైజు మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ. 379 డిగ్రీల సెల్సియస్ పైన దీని స్ఫటికంలో ఒక్కో నికెల్ పరమాణువు చుట్టూ ఆరు గంధకం పరమాణువులు బిగుతుగా సర్దుకుని ఉంటాయి. చల్లబడ్డాక ఇది మిల్లరైట్ ఖనిజం రూపంలోకి మారాలి. అందులో నికెల్ చుట్టూ ఉండేవి ఐదే, అమరిక వదులు, ఘనపరిమాణం దాదాపు 4 శాతం ఎక్కువ. మామూలు అద్దాన్ని మెల్లగా చల్లారుస్తారు కాబట్టి ఆ మార్పు ఫ్యాక్టరీలోనే అయిపోతుంది. టఫెన్డ్ గ్లాస్‌ను మాత్రం 600 డిగ్రీల పైకి వేడిచేసి, గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. నలుసుకు మారే టైమ్ దొరకదు. ఆ మార్పు నెలల తర్వాతో, ఏళ్ల తర్వాతో నింపాదిగా జరుగుతుంది. ఎండకు అద్దం కాలితే ఇంకా త్వరగా. టఫెన్డ్ షీటు పైపొరలు నొక్కుడులో, నడిభాగం లాగుడులో ఉంటాయి. ఆ నడిమిలో నలుసు ఉబ్బిందా, షీటు మొత్తం పోయినట్టే.

ఇది కొత్త సంగతేమీ కాదు. మెల్‌బోర్న్‌లో 1958లో పూర్తయిన ఐసీఐ హౌస్ అనే ఆఫీసు భవనం నుంచి అద్దాలు రాలిపడ్డాయి. కారణం ఈ నలుసేనని 1961లో బాలంటైన్ అనే పరిశోధకుడు తేల్చాడు.

ఇక అసలు తప్పు. తల మీద ఒంటి టఫెన్డ్ షీటు వేయించడం. స్కైలైట్, పోర్టికో పైకప్పు, పై అంతస్తు రెయిలింగ్, ఎక్కడైనా ఇదే తప్పు, ఇదే వాదన: "చిన్న ముక్కలే కదా, కోసుకోవు." విడివిడిగా రాలితే నిజమే. కానీ చాలాసార్లు ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని పెద్ద పెళ్లలుగా ఊడిపడతాయి. నాలుగో అంతస్తు నుంచి పడే పెళ్ల పదునెంతో ఎవరూ చూడరు, దాని బరువే చాలు.

కొనేటప్పుడు హీట్ సోక్ టెస్ట్ చేయించిన షీటే అడగండి. ఫ్యాక్టరీలో షీట్లను 260 డిగ్రీల దగ్గర గంటలకొద్దీ ఉంచుతారు. నలుసున్న షీట్లు చాలావరకు అక్కడే పగిలిపోతాయి. అన్నీ పగలవు, అందుకే ఈ టెస్టు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. తల మీదకి లామినేటెడ్ గ్లాసే కావాలి, అంటే రెండు షీట్ల మధ్య ప్లాస్టిక్ పొర. ఆ రెండూ పూర్తి టఫెన్డ్ అయితే, రెండూ పగిలిన రోజు మొత్తం తడిబట్టలా జారిపోవచ్చు. హీట్ స్ట్రెంగ్తెన్డ్ షీట్లతో చేసిన లామినేటెడ్ మేలు. ఈ షీట్లను టఫెన్డ్ కన్నా కాస్త నెమ్మదిగా చల్లారుస్తారు, నలుసు బెడద చాలా తక్కువ.

టెస్ట్ సర్టిఫికెట్ కాగితం మీద తీసుకోండి, నోటిమాట వద్దు.

లైటు పట్టి చూసి నలుసు లేదని చెప్పేవాళ్లను నమ్మకండి.

టఫెన్డ్ అయ్యాక కోత, డ్రిల్లింగ్ ఏదీ కుదరదు. కొలతలు ముందే ఖాయం చేయండి.

ఒంటి షీటుకు ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించి సరిపెట్టొద్దు. ఫ్రేముకు పట్టు లేని ఫిల్మ్ పగిలిన షీటుతో సహా ఊడిపడుతుంది.

ఇన్నేళ్లు ఏం కాలేదు కదా అనొద్దు. నలుసుకు గడువేమీ ఉండదు.

ఇప్పటికే తల మీద ఒంటి షీటుంటే, మార్పించేదాకా దాని కింద కుర్చీలు, ఉయ్యాల, పిల్లల ఆటలు పెట్టకండి.

పగిలితే ఊడ్చేయకముందు ఫొటో తీయండి. పగులు మొదలైనచోట సీతాకోకచిలుక రెక్కల్లా ఆనుకుని ఉన్న రెండు పెద్ద ముక్కలు, వాటి మధ్య గీత మీద చిన్న చుక్క దొరికితే, వాటిని టేపు వేసి దాచండి. సప్లయర్‌తో మాట్లాడేటప్పుడు పనికొచ్చేవి అవే.

ఆ ఖాళీలో మళ్లీ ఒంటి టఫెన్డ్ షీటే బిగిస్తానంటే మాత్రం ఫిట్టర్‌ను వెనక్కి పంపేయండి.