హాలోవీన్‌కి పాత ఫ్రాంకెన్‌స్టైన్ సీక్వెల్స్ ఎలా చూడాలి?

ఏటా అక్టోబర్ రాగానే ఎవరో ఒకరు వరుస అడుగుతారు, నేను చెప్తాను, వాళ్లు మధ్యలో ఒక సినిమా వదిలేసి మర్నాడు "ఏం అర్థం కాలేదు" అంటారు. అందుకే ఈసారి రాసి పెడుతున్నా.

ముందు టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికల్ని మరీ నునుపుగా చేసి చూపించే సెట్టింగ్) ఆపేయండి. గదిలో లైట్లు తీసేయండి. రంగులద్దిన ప్రింట్ల జోలికి పోవద్దు. చాక్లెట్ల కోసం వచ్చే పిల్లల సందడి తగ్గాకే మొదలుపెట్టండి.

1931 నాటి ఫ్రాంకెన్‌స్టైన్, 1941 నాటి ది వుల్ఫ్ మ్యాన్ వారం ముందే చూసేయాలి. అక్టోబర్ 30 రాత్రి రెండు: బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్ (1935, 75 నిమిషాలు), సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్ (1939, 99 నిమిషాలు). బ్రైడ్ మొదటి సినిమా కంటే గొప్పది, ఇందులో నాకు రెండో మాట లేదు. పెళ్లికూతురు కనిపించేది చివరి కొద్ది నిమిషాలే, కానీ ఎల్సా లాంచెస్టర్ తల పిట్టలా టక్కున తిప్పి చూసి, మాన్‌స్టర్ (ఫ్రాంకెన్‌స్టైన్ శవాల ముక్కలతో తయారుచేసిన జీవి) మొహం మీదే బుసకొట్టే క్షణం కోసం సినిమా మొత్తం చూడొచ్చు. కొందరు డ్రాక్యులా, మమ్మీ సీక్వెల్స్ కూడా మధ్యలో ఇరికిస్తారు. అలా చేయకండి, ఇది ఒక కుటుంబం కథ, తండ్రి చేసిన పని కొడుకుల మెడకి చుట్టుకునే కథ, తెంపితే పట్టు పోతుంది.

అసలు జాగ్రత్త 31 రాత్రి. ది ఘోస్ట్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్ (1942, 67 నిమిషాలు) చూడకుండా ఫ్రాంకెన్‌స్టైన్ మీట్స్ ది వుల్ఫ్ మ్యాన్ (1943) పెట్టకండి. "ఘోస్ట్‌లో కార్లాఫ్ లేడుగా, వదిలేద్దాం" అనుకుంటారు (ముందు మూడింటిలో మాన్‌స్టర్ వేషం బోరిస్ కార్లాఫ్‌దే), అక్కడే అంతా చెడుతుంది. ముగింపు చెప్పేయక తప్పట్లేదు: ఘోస్ట్ చివర్లో ఇగోర్ (సన్ సినిమా నుంచీ మాన్‌స్టర్ వెంట తిరిగే మెడ విరిగిన మనిషి) మెదడుని మాన్‌స్టర్ తలలో పెడతారు, ఇగోర్ గొంతుతో మాట్లాడతాడు, కానీ బ్లడ్ గ్రూప్ కుదరక చూపు పోతుంది. ఆ ఇగోర్ వేషం వేసింది బేలా లుగోసీ. తర్వాతి సినిమాలో మాన్‌స్టర్ కూడా ఆయనే! అంటే లెక్క సరిగ్గా కుదిరింది. కానీ విడుదలకి ముందు మాన్‌స్టర్ డైలాగులన్నీ కత్తిరించేశారు, గుడ్డితనం గురించి చెప్పిన మాటలతో సహా. దాంతో లుగోసీ చేతులు ముందుకి చాచి తడుముకుంటూ ఎందుకు నడుస్తున్నాడో తెరమీద చెప్పేవాళ్లే లేరు. ఘోస్ట్ చూడనివాళ్లు నవ్వుతారు. మా ఇంట్లోనూ ఒకసారి అందరూ నవ్వారు, నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే ఆయన చేస్తున్నది చూపులేని మనిషి నడక, ఆ నడకనే తర్వాత అందరూ మాన్‌స్టర్ నడక అనుకుని అనుకరించారు.

కాబట్టి రెండిటి మధ్య టీ తాగేంత విరామం చాలు, తర్వాతి రాత్రికి వాయిదా వేయొద్దు. చివర్లో మాన్‌స్టర్‌ని బల్ల మీద కట్టేసి మళ్లీ శక్తి ఎక్కిస్తారు చూడండి, అక్కడ ఫోన్లు పక్కన పెట్టించి అందరినీ లుగోసీ కళ్లే చూడమనండి. చూపు తిరిగొచ్చిందని ఒక్క మాట లేకుండా, ఆ కళ్లతోనూ పెదాల మీద మెల్లగా పాకే నవ్వుతోనూ చెప్పేస్తాడు.