తుపాన్ల నెలలకు ముందు బిల్డ్ సర్వర్ పెడుతున్నారా? ఇవి చూసుకోండి

బిల్డ్ సర్వర్ అంటే సోర్స్ కోడ్ నుంచి లినక్స్ ప్యాకేజీలు తయారుచేసే మెషీన్. శ్రీకాకుళం జిల్లాలో అక్టోబరు కరెంటును నమ్మలేం. 2018 తిత్లీ గుర్తుందిగా.

• జీపీజీ (ప్యాకేజీలకు డిజిటల్ సంతకం పెట్టే టూల్) అసలు కీ సర్వర్‌లో ఉంచొద్దు, పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టండి. సంతకానికి దాని కింద చేసుకున్న సబ్‌కీ చాలు; అది పోతే రద్దు చేసి కొత్తది చేసుకోవచ్చు. అసలుదే పోతే మీ ప్యాకేజీలు వాడే ప్రతి మెషీన్‌లోనూ కీ మార్చాలి.

• ప్రతి బిల్డూ కొత్త క్రూట్‌లోనే (మిగతా సిస్టం నుంచి వేరుచేసిన ఫోల్డర్): అందుకు డెబియన్ లినక్స్‌కి ఎస్‌బిల్డ్, ఫెడోరా లినక్స్‌కి మాక్ (mock) అనే టూల్స్ ఉన్నాయి. లేదంటే నిన్నటి బిల్డు వదిలేసిన లైబ్రరీతో ఇవాళ్టిది నెట్టుకొచ్చేస్తుంది. డిపెండెన్సీ (ప్యాకేజీకి కావలసిన లైబ్రరీ పేరు) రాయలేదన్న సంగతి వాడేవాళ్ల దగ్గర బయటపడుతుంది.

• 8 జీబీ ర్యామ్‌కి ఒకేసారి నడిచే జాబ్‌లు (కంపైల్ పనులు) 4 మించొద్దు. పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాం లింకింగ్‌లో (కంపైలైన ముక్కల్ని ఒకటిగా కలిపేటప్పుడు) ర్యామ్ చాలక కెర్నల్ దాన్ని చంపేస్తుంది. లాగ్‌లో 'కిల్డ్' అన్న ఒక్క ముక్కే.

• మదర్‌బోర్డు సెల్ పాతదైతే మార్చండి. కరెంటొచ్చాక గడియారం వెనక్కెళ్తే, రిపాజిటరీ వివరాలుండే రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లదంటూ ఆప్ట్ (డెబియన్‌లో ప్యాకేజీలు వేసే టూల్) మొరాయిస్తుంది.

• కరెంటు పోయిందని సర్వర్‌కి చెప్పే యూపీఎస్ డేటా కేబుల్ కలిపారా? చాలామంది పెట్టెలోనే వదిలేస్తారు.