రోజూ తిరిగే పాత స్విఫ్ట్‌ను ట్రాక్‌కు సిద్ధం చేయడం: సస్పెన్షన్ పని ఏ వరుసలో సాగాలి

2005లో మన దేశంలో విడుదలైన మొదటి తరం మారుతి స్విఫ్ట్ ఇప్పటికీ చాలా ఇళ్లలో రోజూ తిరుగుతూనే ఉంది. బరువు సుమారు ఒక టన్ను, ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు (స్ప్రింగు, దాని ఊపును అణచే షాకు ఒక్కటిగా ఉన్న నిలువు కాళ్లు), వెనుక టోర్షన్ బీమ్ (రెండు వెనుక చక్రాలనూ కలిపే ఇనుప దూలం), ఏ ఊళ్లోనైనా దొరికే విడిభాగాలు ఉన్న ఈ కారు, ట్రాక్ డేలకూ (సొంత కారును రేసు ట్రాక్ మీద నడిపే రోజులు) ఆటోక్రాస్‌లకూ (ఒక్కో కారూ గడియారంతో పోటీపడే చిన్న పందేలు) కొత్తగా వెళ్లదలచినవారికి చవకగా అందుబాటులో ఉంటుంది. కానీ చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని 3.7 కిలోమీటర్ల ట్రాక్ చేరాలంటే విజయవాడ నుంచి దాదాపు 450, హైదరాబాద్ నుంచి 600కు పైగా కిలోమీటర్లు ఇదే కారును నడుపుకుంటూ వెళ్లాలి, ఎండలో రోజంతా దాన్ని పిండాక మళ్లీ నడుపుకుంటూ ఇంటికి రావాలి, సోమవారం పొద్దున ఆఫీసు దారిలో ఉన్న స్పీడ్ బ్రేకర్లన్నీ దాటాలి. ఈ వ్యాసంలో చెప్పే ప్రతి నిర్ణయమూ ఆ తిరుగు ప్రయాణాన్ని లెక్కలో పెట్టుకుని తీసుకున్నదే.

మొదటి ఖర్చు కొత్త స్ప్రింగుల మీద కాదు, అరిగిపోయిన రబ్బరు మీద పెట్టాలి. లక్ష కిలోమీటర్లు తిరిగిన కారులో లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి ఫ్రేముకు కలిపే చేయి) బుష్‌లు, అంటే దాని కీళ్లలోని రబ్బరు తొడుగులు, బాల్ జాయింట్లు, స్టెబిలైజర్ లింకులు, స్ట్రట్ పై మౌంట్లు, వెనుక బీమ్ బుష్‌లు ఎంతో కొంత అలసిపోయి ఉంటాయి. వాటిని అలాగే ఉంచి గట్టి స్ప్రింగులు బిగిస్తే, వంపులో చక్రం ఏ కోణంలో నిలబడుతుందో నడిపేవారికీ తెలియదు, అలైన్‌మెంట్ చేసినవారికీ తెలియదు. కారును గట్టి నేల మీద జాకీతో ఎత్తి, తప్పనిసరిగా స్టాండ్ల మీద నిలిపి, చక్రాన్ని గడియారంలో 12, 6 అంకెలుండే చోట పట్టుకుని ఊపినప్పుడు లూజు కనిపిస్తే బాల్ జాయింట్‌నో వీల్ బేరింగ్‌నో, 9, 3 అంకెల చోట కనిపిస్తే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్‌నో అనుమానించాలి. ఆర్మ్‌కూ ఫ్రేముకూ మధ్య పొడవాటి లీవర్ పెట్టి మెల్లగా తిప్పితే బుష్‌లోని రబ్బరు ఇనుప గొట్టం నుంచి విడిపోయిందో లేదో కంటికే కనిపిస్తుంది. కారును నేల మీదికి దించాక ఒకరు స్టీరింగ్ తిప్పుతుండగా మరొకరు స్ప్రింగు మీద తేలిగ్గా వేళ్లు ఆనించి చూడాలి. స్ప్రింగు మెత్తగా తిరగకుండా కాసేపు బిగుసుకుని తర్వాత టక్కున ఎగిరితే స్ట్రట్ బేరింగ్ పోయినట్టే.

కొత్త బుష్‌లు వేసేటప్పుడు చాలా గ్యారేజీల్లో జరిగే ఒక పొరపాటు గురించి కొంత వివరంగా చెప్పాలి. ఈ బుష్‌లు బేరింగులా తిరగవు. లోపలి గొట్టం బోల్టుతో బిగుసుకుని ఉంటుంది, ఆర్మ్ కదిలినప్పుడల్లా రబ్బరే మెలిపడుతుంది. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగిస్తే, కారు నేల మీదికి దిగిన క్షణం నుంచి రబ్బరు మెలిపడిన స్థితిలోనే ఉండిపోతుంది. నా కారుకు మొదటిసారి ఈ పని చేయించినప్పుడు అలాగే బిగించారు. ఆరు నెలలు తిరగకుండానే రెండు బుష్‌లూ చిరిగాయి. బోల్టులను చేతి బిగువుతో వదిలి, ఆర్మ్ కింద జాకీ పెట్టి కారు బరువు దాని మీదికి వచ్చేలా ఎత్తి, అప్పుడే సర్వీస్ మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించాలి. బజారులో దొరికే పాలీయూరిథేన్ బుష్‌లు గట్టిగా ఉంటాయి, ఎక్కువ కాలం మన్నుతాయి, కానీ రోడ్డు మోతనంతా క్యాబిన్‌లోకి తెస్తాయి. రోజూ ఇంటివాళ్లు ఎక్కే కారుకు కంపెనీ రబ్బరే మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు స్ప్రింగుల విషయానికి వద్దాం. స్ప్రింగులు కోయించడమనే చవక మార్గాన్ని ఎవరు ఎంత నచ్చజెప్పినా ఒప్పుకోవద్దు. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడే మాట నిజమే, కానీ సీటులో కుదురుగా కూర్చోవలసిన చివరి చుట్టు ఆకారం పోతుంది, చక్రం పూర్తిగా కిందికి జారినప్పుడు స్ప్రింగు వదులై పక్కకు తప్పుకునే ప్రమాదం ఉంటుంది. స్ప్రింగు పొడవుకూ గట్టిదనానికీ ఉన్న సంబంధం ఒక చిన్న లెక్కతో అర్థమవుతుంది. ముందు ఒక్కో చక్రం మోసే బరువు 280 కిలోలని, స్ప్రింగు రేటు మిల్లీమీటరుకు 20 న్యూటన్లని అనుకుందాం. ఆ బరువుకు స్ప్రింగు సుమారు 137 మిల్లీమీటర్లు కుంగుతుంది. రేటును 30కి పెంచితే కుంగేది 92 మిల్లీమీటర్లే. అంటే అదే పొడవున్న గట్టి స్ప్రింగు వేస్తే కారు దిగకపోగా 45 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. అందుకే గట్టి స్ప్రింగులు పొట్టిగా ఉంటాయి, అందుకే వాటిని ఈ కారు కోసమే తయారైన సెట్టుగా కొనాలి తప్ప విడిగా ఏరుకోకూడదు. బిగించాక చక్రాన్ని పూర్తిగా వేలాడదీసి, స్ప్రింగు సీటులో వదులుగా ఆడుతోందేమో చేత్తో కదిపి చూడాలి.

ఎంత గట్టిది కావాలన్న ప్రశ్నకు కూడా ఈ లెక్కలోనే జవాబుంది. 20 న్యూటన్ల స్ప్రింగు మీద కారు ఆ చక్రం వైపు మూల సెకనుకు సుమారు 1.35 సార్లు ఊగుతుంది, 30 మీద 1.65 సార్లు ఊగుతుంది. మామూలు రోడ్డు కార్లు ఎక్కువగా 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి, గాలి బలంతో కారును కిందికి నొక్కే రెక్కలు లేని ట్రాక్ కార్లు 2 వరకూ, ఆ పైనా వెళ్తాయి. కాబట్టి అసలు రేటుకు ఒకటిన్నర రెట్ల దగ్గర ఆగిపోవడం రోడ్డు మీదా ట్రాక్ మీదా నడిపే కారుకు తగిన హద్దు. అంతకు మించితే గతుకుల మీద టైరు నేలను వదిలి గెంతుతుంది, గెంతే టైరుకు పట్టు ఉండదు.

కారును దించడం 20 లేదా 25 మిల్లీమీటర్లకు మించకూడదు. ఎంత కిందికి దిగితే అంత మంచిదన్న నమ్మకం మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కార్ల విషయంలో తిరగబడుతుంది. కారును దించేకొద్దీ లోయర్ ఆర్మ్ బయటి కొస బాడీతో పోలిస్తే పైకి వస్తుంది, దానితో రోల్ సెంటర్ (వంపులో బాడీ ఏ బిందువు చుట్టూ వాలుతుందో అది) గురుత్వ కేంద్రం కంటే వేగంగా కిందికి జారుతుంది, ఆ రెండింటి మధ్య దూరం పెరిగి వంపులో కారును వాల్చే శక్తి పెరుగుతుంది. డబ్బు పెట్టి కొన్న గట్టిదనంలో కొంత ఆ వాలును అడ్డుకోవడానికే ఖర్చయిపోతుంది. పైగా షాకు పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఆపే రబ్బరు దిమ్మె అయిన బంప్ స్టాప్‌కు మిగిలే దూరం తగ్గి, వంపు మధ్యలో కారు దాని మీద కూర్చుంటే ముందు చక్రాలు ఒక్కసారిగా పట్టు వదిలేస్తాయి.

స్ప్రింగులు మార్చినప్పుడు షాకులు కూడా మార్చాలి. పాత షాకు పాత స్ప్రింగు ఊపును అణచడానికి తయారైంది. గట్టి స్ప్రింగు వెనక్కి తన్నే బలాన్ని ఆపలేక కారు ప్రతి గతుకు తర్వాతా రెండు మూడు సార్లు ఊగుతుంది. బిగువును మనం మార్చుకోగల షాకులైతే ముందుగా బాగా మెత్తటి స్థానంలో పెట్టి, ఒక్కో విడతలో రెండేసి క్లిక్కులు పెంచుతూ, కారు బిరుసుగా గెంతడం మొదలైన చోట నుంచి ఒక అడుగు వెనక్కి రావాలి. కాయిలోవర్లు (మరలు తిప్పి ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాకు జతలు) కొంటే మన వానలకూ దుమ్ముకూ మరలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి కాబట్టి, ఏటా శుభ్రం చేసి గ్రీజు పూయాలి.

స్ట్రట్‌ను విప్పే పనిలో ప్రాణాపాయం ఉంది. లోపల స్ప్రింగు వందల కిలోల బలంతో నొక్కుకుని ఉంటుంది. రెండు వైపులా సరైన కంప్రెసర్లు బిగించి, స్ప్రింగు సీటు నుంచి వదులైందని చూసుకున్న తర్వాతే పై నట్టును తాకాలి. ఆ పని అలవాటు లేకపోతే స్ట్రట్లను ఊడదీసి గ్యారేజీకి పట్టుకెళ్లడంలో నామోషీ ఏమీ లేదు. లాక్ నట్లను మళ్లీ వాడకుండా కొత్తవే వేయాలి. వెనుక వైపు స్ప్రింగు, షాకు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి పని తేలిక. బీమ్‌ను జాకీతో మెల్లగా దించేటప్పుడు బ్రేకు గొట్టం లాగబడకుండా చూసుకుంటే చాలు.

అన్నీ బిగించాక వంద కిలోమీటర్లు తిప్పి, స్ప్రింగులు సర్దుకున్నాకే అలైన్‌మెంట్ చేయించాలి. స్ట్రట్‌ను నకిల్‌కు (చక్రాన్ని మోసే ఇనుప భాగానికి) కలిపే బోల్టు స్థానంలో క్యాంబర్ బోల్టు వేస్తే ముందు చక్రాలకు క్యాంబర్, అంటే చక్రం పై భాగం లోపలికి వాలే కోణం, మైనస్ ఒకటిన్నర డిగ్రీ వరకూ తెచ్చుకోవచ్చు, రోజూ తిరిగే కారుకు అది సరిపోతుంది. టో (పై నుంచి చూస్తే చక్రాల ముందు కొసలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సున్నా దగ్గర ఉంచాలి; టో తప్పితే టైర్లు ఒక అంచున కొన్ని వేల కిలోమీటర్లలోనే అరిగిపోతాయి. ముందు చక్రాలతో నడిచే కారు వంపులో బయటికి జారడం సహజం. వెనుక వైపును ముందు కంటే కొంచెం ఎక్కువ నిష్పత్తిలో గట్టిపరిస్తే ఆ జారుడు తగ్గుతుంది, కానీ వాన పడిన రాత్రి హైవే మీద అదే గట్టిదనం కారు వెనుక భాగాన్ని తిప్పేయగలదు కనుక మితంగా చేయాలి.

ట్రాక్‌లో మొదటి రోజు లాప్ టైము కోసం వెళ్లకుండా కొలతల కోసం వెళ్లాలి. టైరు అంచు నుంచి పక్క గోడ వరకూ సుద్దతో మూడు చోట్ల గీతలు గీసి నాలుగు లాపులు తిరిగి వస్తే, సుద్ద ఎంతవరకు చెరిగిందో చూసి టైరు ఎంత మడత పడుతోందో తెలుసుకోవచ్చు. పక్క గోడ దాకా చెరిగితే గాలి తక్కువ, అంచుకు ముందే గీత మిగిలితే గాలి ఎక్కువ. వేడి టైరులో గాలి నాలుగైదు పీఎస్‌ఐ పెరుగుతుంది కాబట్టి కారు ఆగిన వెంటనే కొలవాలి. అలాగే దుమ్ము తొడుగును పైకి జరిపి షాకు కడ్డీకి ఒక చిన్న ప్లాస్టిక్ టై బిగిస్తే, అది ఆగిన చోటు షాకు ఎంత లోపలికి వెళ్లిందో చూపిస్తుంది. బంప్ స్టాప్‌ను తాకిన గుర్తు కనిపిస్తే కారును కొంచెం లేపాలి.

కాగితాల సంగతి ముందే చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని అడ్డుకుంటుంది. మామూలు బీమా పాలసీ పోటీల్లో జరిగిన నష్టానికి వర్తించదు. అవసరమైతే కారును మళ్లీ అసలు స్థితికి తెచ్చుకునేలా పాత స్ప్రింగులూ షాకులూ పారేయకుండా జత చేసి దాచుకోవాలి.

తిరుగు ప్రయాణానికి ముందు టైర్లు చల్లబడ్డాక గాలిని కంపెనీ చెప్పిన అంకెకు సరిచేసి, షాకులను మెత్తటి స్థానానికి తిప్పి, ప్లాస్టిక్ టైలను కత్తిరించి, చక్రాల నట్లనూ స్ట్రట్ కింది బోల్టులనూ టార్క్ పానాతో మరోసారి చూసుకోవాలి. ఇంటికి చేరాక మర్నాడు పగటి వెలుతురులో కారును ఎత్తి, షాకుల మీద నూనె చెమ్మ, బుష్‌ల మీద కొత్త పగుళ్లు ఉన్నాయేమో చూడాలి.