హడావుడి లేకుండా ఇంట్లోనే క్రిస్మస్ చేసుకోవడం ఎలా? (కుక్కర్ ప్లమ్ కేకుతో సహా)

మెదక్ చర్చిని 1924లో క్రిస్మస్ రోజునే ప్రారంభించారు. ఇప్పటికీ ఆ రోజు అక్కడికి వచ్చే జనాన్ని, ఆ సందడిని ఒక్కసారైనా చూసి తీరాలి. కానీ ప్రతి ఏడాదీ అందరికీ అలా కుదరదు. ఇంట్లో నడవలేని పెద్దవాళ్లు ఉండొచ్చు, నెలల బిడ్డ ఉండొచ్చు, ఆ ఏడాదే అయినవాళ్లు ఎవరో దూరమై ఉండొచ్చు. పొద్దున ఆరాధనకు వెళ్లొచ్చి, మిగతా రోజంతా ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుంటే చాలనిపిస్తుంది.

చిక్కల్లా ఏమిటంటే, మన ఇళ్లలో పండగ రోజు అమ్మ తెల్లవారుజామున వంటింట్లోకి వెళ్తే మళ్లీ మధ్యాహ్నానికి గానీ బయటికి రాదు. 25న ఆమె కూడా అందరితో కలిసి హాల్లో కూర్చోగలిగితేనే అది ప్రశాంతమైన క్రిస్మస్ అని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే బేకింగ్ అంతా 23 రాత్రికల్లా ముగించేలా ఈ పద్ధతి రాస్తున్నాను.

1. ఏం చేయకూడదో ముందు తేల్చుకోండి

అరిసెలు, కజ్జికాయలు, చక్రాలు, కేకు, గులాబీ పువ్వులు అన్నీ ఒకే ఇంట్లో చేయనక్కర్లేదు. రెండు చాలు: ప్లమ్ కేకు, గులాబీ పువ్వులు. అరిసెలు తినాలనిపిస్తే బాగా చేసేవాళ్ల దగ్గర ఓ కిలో చేయించుకోండి. స్టార్ కట్టడం, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మలు సర్దడం పిల్లలకు వదిలేయండి. గొర్రెపిల్ల పక్కకు పడినా మీరు వెళ్లి సరిచేయొద్దు.

2. డిసెంబరు 20న పండ్లు నానబెట్టండి

కిస్‌మిస్, నల్ల కిస్‌మిస్, గింజ తీసిన ఖర్జూరాలు, చెర్రీలు, టూటీ ఫ్రూటీ కలిపి 250 గ్రాములు తీసుకోండి. పెద్దవి సన్నగా తరగాలి. రమ్ అక్కర్లేదు. డిసెంబరులో కమలాపండ్లు బాగా దొరుకుతాయి, రెండు మూడు పండ్ల రసం చాలు. పండ్లు మునిగేలా పోసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పండ్లరసం కాబట్టి బయట పెడితే పులిసిపోతుంది. ఒక కమలాపండు తొక్క పైపైన తురిమి అందులోనే కలపండి, తెల్లటి పొర మాత్రం రాకూడదు, చేదెక్కుతుంది.

3. 22 సాయంత్రం గులాబీ పువ్వులు

మైదా 1 కప్పు, బియ్యప్పిండి అర కప్పు, పంచదార పొడి అర కప్పు, ఒక గుడ్డు, కొబ్బరిపాలు దాదాపు 1 కప్పు, కొంచెం యాలకుల పొడి, నువ్వులు. ఉండలు లేకుండా దోసెల పిండిలా జారుగా కలపండి. అచ్చును ముందు రోజు రాత్రే నూనెలో వేసి ఉంచితే పువ్వు సులువుగా ఊడుతుంది.

నూనె కాగాక అచ్చును అందులోనే రెండు మూడు నిమిషాలు ఉంచి, పిండిలో ముప్పావు వంతు మాత్రమే ముంచండి. పై అంచు దాటి పిండి ఎక్కిందంటే పువ్వు అచ్చును వదలదు. అచ్చు చల్లగా ఉంటే పిండి అంటుకోదు, మరీ కాలిపోతున్నా జారిపోతుంది. నూనెలో పెట్టి కొద్దిగా కదిపితే పువ్వు విడిపోతుంది. లేత బంగారు రంగు రాగానే తీసేయాలి. పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టండి, అప్పుడే కరకరలాడతాయి.

4. 23న కేకు

కేకు పండగకు రెండు రోజుల ముందు చేస్తేనే బాగుంటుంది, ఆ మసాలా, పండ్ల రుచి లోపలికి దిగుతాయి. 7 అంగుళాల గిన్నెకు కొలతలు: మైదా 200 గ్రాములు, ఉప్పు లేని వెన్న 150 గ్రాములు, పంచదార పొడి 125 గ్రాములు, గుడ్లు 3, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ కలిపిన పొడి ఒక టీస్పూను, చిటికెడు ఉప్పు, గుప్పెడు జీడిపప్పు. వెన్న, గుడ్లు గంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి ఉంచండి.

ముందుగా పాకం. కేకుకు ఆ రంగు, ఆ రుచి వచ్చేది దీనివల్లే కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు. దళసరి గిన్నెలో 75 గ్రాముల పంచదార ఒక్కటే వేసి సన్నమంట మీద కరగనివ్వండి. తేనె రంగులో ఆపేస్తే కేకు పాలిపోతుంది. ముదురు ఎరుపుకు తిరిగి, నురగ కట్టి, సన్నగా పొగ లేచిన క్షణంలో స్టవ్ ఆపి, 75 మి.లీ. వేడినీళ్లు కొద్దికొద్దిగా పోయండి. భగ్గున ఆవిరి లేచి చిమ్ముతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. నల్లగా మాడిందా, పారబోసి మళ్లీ చేయడమే మేలు. పాకం పూర్తిగా చల్లారాలి.

వెన్న, పంచదార పొడి తెల్లబడేదాకా గిలక్కొట్టి, గుడ్లు ఒక్కొక్కటే వేస్తూ కలపండి. తర్వాత పాకం పోయాలి. జల్లించిన మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు, మసాలా పొడి వేసి, గరిటెతో కింది నుంచి పైకి నెమ్మదిగా తిప్పండి. పండ్లను వడకట్టి, జీడిపప్పుతో పాటు ఒక చెంచా మైదాలో దొర్లించి కలిపితే అడుక్కి దిగవు. పిండి గట్టిగా అనిపిస్తే వడకట్టిన రసం ఒకటి రెండు చెంచాలు పోయండి.

ఒవెన్ ఉంటే 160 డిగ్రీల సెల్సియస్‌లో గంట నుంచి గంటా పది నిమిషాలు. లేకపోతే పాత అల్యూమినియం కుక్కర్ చాలు. కేకు గిన్నె కుక్కర్ మూతిలోంచి పడుతుందో లేదో ముందే చూసుకోండి. అడుగున ఒకటిన్నర కప్పు ఉప్పు పోసి, మీద స్టాండు పెట్టండి. నీళ్లు పోయకూడదు. గ్యాస్‌కెట్, విజిల్ రెండూ తీసేసి, మూతపెట్టి 10 నిమిషాలు వేడిచేయండి. నెయ్యి రాసి, అడుగున కాగితం వేసిన గిన్నెలో పిండి పోసి లోపల పెట్టి, మంట బాగా తగ్గించండి. 45 నిమిషాల దాకా మూత తీయొద్దు. ఆ తర్వాత పుల్ల గుచ్చి చూస్తూ, పొడిగా వచ్చేదాకా ఉంచండి. దాదాపు గంట పడుతుంది. ఉప్పు పారేయకండి, ఇంకోసారి కేకుకు పనికొస్తుంది.

5. 24 సాయంత్రం

బిర్యానీకి చికెన్‌కు మసాలా పట్టించి ఫ్రిజ్‌లో పెడితే వంటింటి పని అయిపోయినట్టే. క్యారల్స్ పాడేవాళ్లు వస్తే ఇవ్వడానికి కొన్ని కేకు ముక్కలు, ఫ్లాస్కు నిండా టీ సిద్ధంగా ఉంచండి. రాత్రి భోజనాలయ్యాక టీవీ కట్టేసి, లూకా సువార్త 2వ అధ్యాయంలో మొదటి 20 వచనాలు తలా కొన్ని చదవండి. చదవడం కొత్తగా నేర్చుకున్న పిల్లలుంటే గొర్రెల కాపరుల భాగం వాళ్లకివ్వండి, తడబడినా అందించకుండా ఆగండి. ఎవరినైనా పోగొట్టుకున్న ఏడాదైతే వాళ్ల పేరు ప్రార్థనలో పైకే చెప్పండి. అందరి మనసులోనూ ఉన్నదే, ఒకరు అంటే మిగతావాళ్లకు కాస్త తేలికవుతుంది.

6. 25న

ఆరాధన నుంచి రాగానే బిర్యానీ ఒక్కటే వండాలి. రైతా కలపడం, ఉల్లిపాయలు తరగడం, గిన్నెలు కడగడం మగవాళ్లు, పిల్లలు పంచుకోవాలి. ఇరుగుపొరుగుకు పంపే ప్లేట్లు భోజనానికి ముందే పంపేస్తే మధ్యాహ్నం తీరిక దొరుకుతుంది. మిగిలిన కేకు గాలి చొరబడని డబ్బాలో బయట మూడు నాలుగు రోజులు ఉంటుంది, ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి. తినే ముందు అరగంట బయట ఉంచితే మళ్లీ మెత్తబడుతుంది.