అద్దంలాంటి బావి నీళ్ళు, నల్లబడ్డ బాటిల్

మాది కోనసీమ, వానాకాలం బావిలో నీళ్ళు చేత్తో ముంచుకునేంత పైకొస్తాయి. మొన్న ఆగస్టులో అమ్మకీ పాపకీ వరసగా విరేచనాలు పట్టుకుంటే అనుమానమొచ్చి నీళ్ళు పరీక్షించే హెచ్‌టూఎస్ బాటిల్ తెచ్చి గీత దాకా నీళ్ళు పోసి ఉంచా, మర్నాటికి తారులా నల్లగా అయిపోయింది, అంటే మలం బ్యాక్టీరియా కలుస్తోందన్నట్టే. చూడ్డానికి మాత్రం నీళ్ళు అద్దంలా ఉన్నాయండీ! బావికి బ్లీచింగ్ వేశా, పది రోజులకే బాటిల్ మళ్ళీ నలుపు. టేపు పెట్టి కొలిస్తే సెప్టిక్ ట్యాంకు బావికి 22 అడుగుల్లోనే ఉంది, కనీసం 50 ఉండాలి. మడ్డి తోడించి చూస్తే అడుగున కాంక్రీటే లేదు, ఉత్త ఇసుక. చివరికి పాతది పూడ్చేసి, పెరటి చివర 60 అడుగుల దూరంలో అడుగున కాంక్రీటు వేసి కొత్త ట్యాంకు కట్టించి, బావి మొత్తం తోడించి మళ్ళీ బ్లీచింగ్ వేశాం. ఇప్పుడు రెండ్రోజులుంచినా బాటిల్ రంగు మారట్లేదు, అయినా తాగడానికి కాచిన నీళ్ళే వాడుతున్నాం.